ఒకే క్లస్టర్, అయిదు బృందాలు: జాబ్ షెడ్యూలింగ్ విధానం ఎలా పెట్టుకోవాలి

మీరు రాసినదాని సారాంశం ఇది. విభాగంలో ఒక క్లస్టర్, అంటే కలిపి ఒకే యంత్రంలా వాడే కంప్యూటర్ల గుంపు, ఉంది. పది సీపీయూ నోడ్లు (నోడ్ అంటే ఆ గుంపులోని ఒక కంప్యూటర్), ఒక్కొక్కదానిలో 64 కోర్లు (కోరు అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక భాగం), 256 జీబీ మెమరీ. వాటికి తోడు నాలుగేసి జీపీయూలున్న నోడ్లు రెండు. జాబులను, అంటే వాడుకరులు పంపే పనులను, వరుసలో పెట్టి నడిపే స్లర్మ్ అనే షెడ్యూలర్ నడుస్తోంది గాని ప్రయారిటీ అమరికల జోలికి ఎవరూ పోలేదు కాబట్టి ముందు పంపినవారిదే ముందు వంతు. ఒక శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు ఒక విద్యార్థి 16 కోర్ల జాబులు 400 ఒక్కసారిగా పంపారు. ఒక్కొక్కటి ఎనిమిది గంటల పని. 640 కోర్ల మీద ఏకకాలంలో నలభై నడుస్తాయి, అంటే పది విడతలు, ఎనభై గంటలు. మంగళవారం తెల్లవారుజామున రెండింటి దాకా మిగతా నాలుగు బృందాలకు ఒక్క కోరు దక్కలేదు. దాంతో ప్రొఫెసర్లు "తలా రెండు నోడ్లు పంచేయండి, పీడ వదులుతుంది" అంటున్నారు. పంచాలా, వద్దా అని అడిగారు.

పంచవద్దు. ముందు ఈ సంగతి తేల్చుకుంటే తక్కినవి తేలిక.

పంపకం న్యాయంగా కనిపిస్తుంది గాని అందరినీ ఒకేలా నష్టపరుస్తుంది. రైల్వే స్టేషన్‌లో అయిదు టికెట్ కిటికీలకు అయిదు వరుసలు పెడితే ఒక కిటికీ దగ్గర గుమాస్తా ఖాళీగా కూర్చుంటాడు, పక్క వరుస గుమ్మం దాటి పోతుంది. టెలిఫోన్ వరుసలను లెక్కగట్టిన ఎర్లాంగ్ కాలం నాటి క్యూయింగ్ (వరుసల) లెక్క ఇదే మాటను అంకెల్లో చెబుతుంది. జాబులు యాదృచ్ఛికంగా వస్తూ, నిడివులు రకరకాలుగా ఉన్నాయనుకుందాం. 80 శాతం సమయం పనిలో ఉండే ఒక్క సర్వరు ముందు సగటు నిరీక్షణ, సగటు జాబ్ నిడివికి నాలుగు రెట్లు. అలాంటి సర్వర్లు అయిదింటిని ఒకే వరుసకు కలిపితే అదే 80 శాతం భారం మీద నిరీక్షణ 0.55 రెట్లకు దిగుతుంది. పది గంటల జాబుకు నలభై గంటల ఎదురుచూపు ఎక్కడ, అయిదున్నర గంటలు ఎక్కడ! కొత్తగా ఒక్క నోడ్ కొనలేదు, ఎవరి పనీ తగ్గించలేదు. మీ క్లస్టర్ ఈ నమూనాకు అచ్చుగుద్దినట్టు సరిపోదు, నిజమే. పరిశోధన బృందాల పని ఎప్పుడూ విడతలు విడతలుగా వస్తుంది కాబట్టి పంపకం వల్ల కలిగే నష్టం ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఇక అసలు విషయం. షెడ్యూలింగ్ విధానం అనగానే అందరి దృష్టీ వరుస మీదికే పోతుంది: ఎవరికి ఎక్కువ ప్రయారిటీ, ఎవరికి తక్కువ అని. కాని షెడ్యూలర్ పంచగలిగింది ఖాళీ అయిన కోర్లను మాత్రమే. నడుస్తున్న జాబును చంపే అధికారం దానికి మీరు ఇవ్వనంత వరకు, ఒకసారి ఇచ్చినదాన్ని అది వెనక్కు తీసుకోలేదు. కాబట్టి వరుసలో మొదట ఉన్న మనిషి ఎంతసేపు ఆగాలన్నది ఆయన ప్రయారిటీ కంటే, అప్పటికే నడుస్తున్న జాబులు ఎంత పొడుగన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

మీ లెక్కతోనే చూడండి. నలభై జాబులు నడుస్తున్నాయి, ఒక్కొక్కటి ఎనిమిది గంటలు. అవి ఒకదాని తర్వాత ఒకటి ఎడంగా మొదలై ఉంటే సగటున ప్రతి 12 నిమిషాలకు ఒకటి ముగుస్తుంది. వరుసలో ముందున్న 16 కోర్ల జాబ్ టీ తాగి వచ్చేలోగా మొదలవుతుంది. అవే నలభై జాబులు ఏడేసి రోజులవైతే? ఒకటి ముగియడానికి సగటున 4 గంటల 12 నిమిషాలు. ప్రయారిటీ ఆకాశంలో ఉన్నా అంతసేపు ఆగాల్సిందే. ఇక నోడ్ మొత్తం కావలసిన జాబుకైతే ఒకే నోడ్ మీద నాలుగు జాబులు ముగియాలి, అది మరీ దూరం.

అందుకే ఏ క్లస్టర్‌లోనైనా నేను మొదట చూసేది గరిష్ఠ సమయ పరిమితి. స్లర్మ్‌లో పార్టిషన్‌కు, అంటే సొంత నియమాలున్న నోడ్ల సముదాయానికి, పరిమితి పెట్టకపోతే అది అపరిమితం. జాబ్ స్క్రిప్టులో సమయం రాయకపోతే ఆ అపరిమితమే వర్తిస్తుంది. మీ క్లస్టర్‌లో ఇప్పుడు ఉన్నది ఇదే అయి ఉంటుంది. మామూలు పార్టిషన్‌కు 48 గంటలు గరిష్ఠంగా పెట్టండి. సమయం రాయనివారికి ఒక గంట చాలు. ఒకటి రెండుసార్లు జాబ్ మధ్యలో తెగిపోతే మూడోసారి తామే రాస్తారు. ఏడు రోజులు తప్పనిసరి అనేవారి కోసం వేరే పొడవాటి పార్టిషన్ పెట్టి, అది మొత్తం కోర్లలో నాలుగో వంతు దాటకుండా చూడండి. "మా సిమ్యులేషన్ ఆగకుండా పది రోజులు నడవాలి" అనే మాట తప్పక వస్తుంది. చాలా సందర్భాల్లో ఆ సాఫ్ట్‌వేర్‌లో చెక్‌పాయింట్ సౌకర్యం, అంటే మధ్యమధ్యలో స్థితిని దాచుకునే ఏర్పాటు, ముందే ఉంటుంది, ఎవరూ దాన్ని వాడి ఉండరు. అణువుల కదలికలను సిమ్యులేట్ చేసే గ్రోమాక్స్, ల్యాంప్స్ రెండింటిలోనూ ఆగినచోటు నుంచి మళ్లీ ఎత్తుకునే ఏర్పాటు ఉంది. పైటార్చ్‌తో మెషిన్ లెర్నింగ్ మోడళ్లకు శిక్షణ ఇచ్చేవారు ప్రతి కొన్ని వందల స్టెప్పులకు మోడల్‌ను, ఆప్టిమైజర్ స్థితిని దాచుకుంటే చాలు. విద్యుత్తు పోతే పది రోజుల పని గంగలో కలవకుండా ఉండడానికైనా ఇది అవసరమే కదా.

సమయ పరిమితి వల్ల వచ్చే రెండో లాభం బ్యాక్‌ఫిల్. 1995 ప్రాంతంలో షికాగో దగ్గరి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో ఐబీఎం ఎస్‌పీ యంత్రం కోసం డేవిడ్ లిఫ్కా ఈజీ అనే షెడ్యూలర్ రాశారు. అందులోని ఉపాయం చిన్నది. వరుసలో మొదటి జాబుకు ఎప్పుడు చోటు దొరుకుతుందో లెక్కకట్టి, ఆ సమయానికి చోటు దానికి కట్టిపెట్టాలి. దాన్ని ఆలస్యం చేయని చిన్న జాబులు ఏవున్నా వెనక నుంచి తెచ్చి ఇప్పటి ఖాళీల్లో నింపాలి. ఉదాహరణకు మొదటి జాబుకు నాలుగు నోడ్లు పూర్తిగా కావాలి. ఇప్పుడు మూడు ఖాళీ, నాలుగోది ఆరు గంటల తర్వాత ఖాళీ అవుతుంది. ఊరికే ఉంచితే 192 కోర్లు ఆరు గంటలు, అంటే 1,152 కోర్-గంటలు వృథా. వెనక ఎక్కడో అయిదు గంటలు అడిగిన జాబ్ ఉంటే దాన్ని నిశ్చింతగా ఇందులో పెట్టవచ్చు. నిజానికి రెండు గంటల్లో ముగిసేదే అయినా "ఎందుకైనా మంచిది" అని 24 గంటలు అడిగిన జాబును మాత్రం పెట్టలేదు. షెడ్యూలర్ మనసులోని మాట చదవలేదు, స్క్రిప్టులో రాసిందే నమ్ముతుంది. నడుస్తున్న జాబులకు ముగింపు సమయమే లేకపోతే ఈ లెక్క మొదలే కాదు. మీ స్లర్మ్‌లో బ్యాక్‌ఫిల్ ఇప్పటికీ ఆన్‌లోనే ఉంటుంది, చేయడానికి పని లేక కూర్చుని ఉంటుంది.

ఇక్కడ ఒక అమరిక జ్ఞాపకం పెట్టుకోండి. బ్యాక్‌ఫిల్ ఎంత దూరం ముందుకు చూడాలన్నది డిఫాల్టుగా ఒక్క రోజే. మీ గరిష్ఠ పరిమితి ఏడు రోజులైతే దాన్నీ ఏడు రోజులకు పెంచాలి, లేకపోతే పెద్ద జాబులకు చోటు కట్టిపెట్టడం కుదరక అవి వెనకబడిపోతాయి. ఇంకో వింత సంగతి. వాడుకరులు అడిగిన సమయాలన్నింటినీ రెట్టింపు చేస్తే సగటు నిరీక్షణ కొన్నిసార్లు మెరుగుపడుతుందని మువాలెం, ఫైటెల్సన్ అనే పరిశోధకులు 2001లో చూపించారు. అంచనా కంటే ముందే జాబులు ముగిసి పెద్ద పెద్ద ఖాళీలు పుట్టడం దీనికి కారణం. దీన్ని పట్టుకుని ఎవరైనా మీ ముందుకు వాదనకు వస్తే, అందరూ పెంచితే జరిగే సంగతి వేరు, ఒక్కరు పెంచితే జరిగే సంగతి వేరు అని చెప్పండి. ఒంటరిగా పెంచుకున్నవారు ఖాళీల్లో పట్టక వెనకే ఉండిపోతారు.

ఇప్పుడు ఫెయిర్‌షేర్. 1988లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన జూడీ కే, పియర్స్ లాడర్ యూనిక్స్ యంత్రాల కోసం చేసిన ఆలోచన ఇది. అక్కడి తగవు కూడా మీలాంటిదే, ఒకే యంత్రం మీద ఎందరో విద్యార్థులు. ఈ క్షణంలో కాకుండా, కొంతకాలం మీద ఎవరు ఎంత వాడుకున్నారో చూసి, తక్కువ వాడినవారిని ముందుకు తేవాలన్నది దాని సూత్రం. పాత వాడకం క్రమంగా మరుగున పడుతుంది. స్లర్మ్‌లో అర్ధాయువు డిఫాల్టుగా ఏడు రోజులు. ఈరోజు 10,000 కోర్-గంటలు వాడినవారి ఖాతాలో వారం తర్వాత 5,000, రెండు వారాల తర్వాత 2,500 కనిపిస్తాయి. మీలాంటి చిన్న విభాగానికి పద్నాలుగు రోజులు పెట్టమంటాను. బృందాలు నెలలో ఒకటి రెండుసార్లే విరుచుకుపడతాయి కాబట్టి ఏడు రోజులకు లెక్క మరీ త్వరగా చెరిగిపోతుంది.

ఖాతాల చెట్టును రెండు అంచెలుగా కట్టండి. పైన అయిదు బృందాలు, ఒక్కొక్క దాని కింద ఆ బృందం విద్యార్థులు. 19.05 వెర్షన్ నుంచి స్లర్మ్‌లో ఫెయిర్ ట్రీ పద్ధతే డిఫాల్టు. అందులో ముందు బృందాలను బృందాలతో పోలుస్తారు, ఆ తర్వాతే లోపలివారిని. బృందంలో పదిమంది విద్యార్థులున్నంత మాత్రాన ఆ బృందం వాటా పదింతలు కాదు. ఒకరు అతిగా వాడితే ముందు నష్టపోయేది ఆ బృందమే కాబట్టి, ఆ సంగతి వారి ప్రయోగశాలలోనే తేలిపోతుంది, మీదాకా రాదు. అడ్మిన్‌గా ఇది మీకు పెద్ద ఊరట.

జాబ్ ప్రయారిటీని లెక్కకట్టే అంశాలకు ఇచ్చే బరువుల్లో ఫెయిర్‌షేర్‌కు 10,000 ఇస్తే వయసుకు, అంటే వరుసలో వేచి ఉన్న కాలానికి, 1,000 ఇవ్వండి. వయసు బరువెక్కితే మళ్లీ మొదటికే వస్తుంది. ఎవరో ఒకరు వేయి జాబులు పడేసి ఊరికి పోతే, ఆ వేయీ కూర్చున్నచోటే వయసు పెంచుకుంటూ ఉంటాయి. దీనికి విరుగుడుగా, ఒకరి జాబుల్లో కొన్నింటికే వయసు పెరిగేలా పరిమితి పెట్టే అమరిక స్లర్మ్‌లో ఉంది. పదికి పరిమితం చేయండి.

ఫెయిర్‌షేర్ ఒక్కటే ఉండి ఉంటే మీ శుక్రవారం కథ ఎలా ముగిసేది? మొదటి నలభై జాబులు రాత్రి రెండింటికి ముగియగానే మిగతా బృందాల జాబులు ముందుకు వచ్చేవి. నాలుగు రోజుల గొడవ ఎనిమిది గంటలతో సరిపోయేది. ఇది చూసి చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కాని ఆ ఎనిమిది గంటలు జాబ్ నిడివి వల్ల దొరికిన అదృష్టమే. అవి రెండేసి రోజుల జాబులైతే ఫెయిర్‌షేర్ ఉన్నా ఆదివారం సాయంత్రం దాకా అందరూ చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

దీనికి చాలాచోట్ల చేసే వైద్యం, ఒక్కరికి ఇన్ని కోర్లకు మించి ఇవ్వకూడదని గట్టి కంచె వేయడం. అప్పుడు సెలవు రోజుల్లో క్లస్టర్ సగం ఖాళీగా ఉండగా, ఒక్క విద్యార్థి మాత్రం కంచె అవతల నిలబడి ఉంటారు. నాకు ఇష్టమైన పరిమితి వేరు. స్లర్మ్‌లో దాని పేరు గ్రూప్-ట్రెస్-రన్-మినిట్స్ (GrpTRESRunMins). ఒక ఖాతాకు చెందిన నడుస్తున్న జాబులన్నింటికీ కోర్ల సంఖ్యను మిగిలి ఉన్న సమయంతో గుణించి కూడితే వచ్చే మొత్తం ఒక హద్దు దాటకూడదు. అంతే. మీకు ఆ హద్దు 320 కోర్లు, 24 గంటలు, అంటే బృందానికి 7,680 కోర్-గంటలు అనుకుందాం. స్లర్మ్‌లో దాన్ని నిమిషాల్లో 4,60,800గా రాయాలి.

మీ విద్యార్థి 16 కోర్ల జాబుకు ఎనిమిది గంటలు అడిగితే ఒక్కొక్కటి 128 కోర్-గంటలు. హద్దులో అరవై పడతాయి. క్లస్టర్‌లో పట్టేవే నలభై కాబట్టి ఆయనకు అడ్డే లేదు. అదే జాబుకు భయపడి 48 గంటలు అడిగితే ఒక్కొక్కటి 768, ఒకేసారి పదే నడుస్తాయి. ఏడు రోజులు అడిగితే 2,688, రెండే నడుస్తాయి. పొట్టి పనులతో వచ్చినవారు యంత్రాన్నంతా వాడుకోవచ్చు, ఎందుకంటే వారు త్వరగానే వదిలేస్తారు. పొడవాటి పనులతో వచ్చినవారికి కొంచెమే దక్కుతుంది. పైగా నడుస్తున్న జాబుల్లో మిగిలిన సమయం తగ్గేకొద్దీ కొత్తవి ఒక్కొక్కటిగా మొదలవుతాయి. అన్నీ ఒకేసారి మొదలై ఒకేసారి ముగిసే మంద పోకడ పోయి, ఖాళీలు ఎడం ఎడంగా పుడతాయి. ఇందాకటి 12 నిమిషాల లెక్క నిజమయ్యేది అప్పుడే. సమయం సరిగ్గా రాయండి అని ఎన్ని మెయిళ్లు పెట్టినా మారనివారు, నలభైకి బదులు పది జాబులే నడుస్తున్నాయని చూశాక ఆ సాయంత్రమే స్క్రిప్టు దిద్దుకుంటారు.

అయినా కొన్ని రాత్రులు కోర్లు మిగలవచ్చు. వాటి కోసం అట్టడుగున ఒక క్యూఓఎస్, అంటే జాబులకు తగిలించే సేవా తరగతి, పెట్టండి. హద్దులు లేవు, వాడకం ఫెయిర్‌షేర్ లెక్కలోకి రాదు, కాని మామూలు జాబ్ వస్తే మారుమాట లేకుండా ఖాళీ చేయాలి. అలా తొలగించిన జాబ్ తిరిగి వరుసలో చేరి మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి చెక్‌పాయింట్ ఉన్నవారికి, అరగంటలో ముగిసే చిన్న జాబులు వేలకొద్దీ ఉన్నవారికి ఇది వరం, మిగతావారికి కాదు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సావియో క్లస్టర్‌లో ఇదే పొందిక కనిపిస్తుంది. సొంత నిధులతో నోడ్లు కొని కలిపినవారికి ఆ మేరకు హక్కు ఉంటుంది, వారు వాడనప్పుడు ఇతరుల తక్కువ ప్రయారిటీ జాబులు ఆ ఖాళీల్లో నడుస్తాయి, యజమానికి అవసరమైతే తప్పుకుంటాయి. రేపు మీ ప్రొఫెసర్లలో ఒకరు తన ప్రాజెక్టు డబ్బుతో మూడు నోడ్లు కొని "ఇవి నావి" అన్నప్పుడు మీకు పనికొచ్చేది ఈ ఏర్పాటే.

మెమరీ మాట మీరు ఎత్తలేదు గాని తర్వాతి తగవు అక్కడే వస్తుంది. ఒక్క కోరు, 250 జీబీ మెమరీ అడిగిన జాబ్ నోడ్‌లో మిగిలిన 63 కోర్లను పనికిరానివిగా చేస్తుంది. లెక్కలో మాత్రం ఒక్క కోరు వాడినట్టే ఉంటుంది. మీ నోడ్‌లో కోరుకు నాలుగు జీబీ కాబట్టి బిల్లింగ్ బరువుల్లో, అంటే వాడకాన్ని లెక్కకట్టే తూనికల్లో, జీబీకి 0.25 ఇచ్చి, కోర్లలోను మెమరీలోను ఏది ఎక్కువైతే దాన్నే లెక్కించేలా పెట్టండి. అప్పుడు ఒక కోరు, 64 జీబీ అడిగిన జాబ్ 16 కోర్లు వాడినట్టు రాసుకుంటుంది. ఒక వాడుకరికి ఏ వనరులో ఎక్కువ వాటా ఉందో దాన్నే కొలతగా తీసుకోవాలనే ఆలోచనను బర్కిలీ పరిశోధకులు 2011లో డామినెంట్ రిసోర్స్ ఫెయిర్‌నెస్ పేరుతో పద్ధతిగా నిలబెట్టారు. స్లర్మ్ అమరిక అచ్చంగా అదే కాదు, వరస మాత్రం అదే.

జీపీయూ నోడ్ల గురించి క్లుప్తంగా. సీపీయూ జాబులు ఆ నోడ్ల కోర్లన్నింటినీ ఆక్రమిస్తే జీపీయూలు ఖాళీగా ఉన్నా ఎవరికీ అందవు. వాటిలోనూ 64 కోర్లే ఉంటే, సీపీయూ పార్టిషన్‌కు ఒక్కో నోడ్‌లో 48 కోర్లకు మించి దక్కకుండా పెట్టి, జీపీయూకు నాలుగు చొప్పున పదహారు వదిలేయండి. జూపిటర్ నోట్‌బుక్ తెరిచి, జీపీయూ పట్టుకుని, భోజనానికి వెళ్లేవారి కోసం ఇంటరాక్టివ్ (ఎదురుగా కూర్చుని నడిపే) జాబులకు నాలుగు గంటల పరిమితి, మనిషికి ఒక్కటే. ఈ విషయంలో కాఠిన్యం తప్పదు.

పగటిపూట ప్రోగ్రాం పరీక్షించుకునేవారిని మరవకండి. ఒక నోడ్‌ను వారపు రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా అరగంట జాబులకే కేటాయించండి. పది నోడ్లలో ఒకటి ఇలా పోతోందని అంటారు. అయిదు నిమిషాల పరీక్ష కోసం విద్యార్థి అయిదు గంటలు ఆగడం దానికంటే ఖరీదు. దీన్ని కొలవడానికి మంచి కొలత ఉంది: నిరీక్షణను, నడిచిన కాలాన్ని కూడి నడిచిన కాలంతో భాగించడం. రెండు రోజుల జాబ్ పది గంటలు ఆగితే ఆ నిష్పత్తి 1.2 మాత్రమే. అయిదు నిమిషాల జాబ్ పది గంటలు ఆగితే 121. సెకన్లలో చచ్చిపోయిన జాబులు లెక్కను పాడుచేయకుండా, నడిచిన కాలాన్ని కనీసం పది సెకన్లుగా తీసుకోవడం ఆనవాయితీ. స్లర్మ్ రికార్డులు చూపే ఎస్‌ఏసీసీటీ (sacct) ఆదేశం ఇచ్చే సమర్పణ, ప్రారంభ, ముగింపు సమయాల నుంచి దీన్ని బృందాల వారీగా తీసి నెలనెలా అందరికీ పంపండి. "క్లస్టర్ 95 శాతం వాడకంలో ఉంది" అనే అంకె పాలకులకు ముచ్చటగా ఉంటుంది గాని వాడుకరికి దానివల్ల తెలిసేది శూన్యం. అంత నిండుగా ఉన్న యంత్రంలో వరుసలు పెరగడం ఖాయం.

పరిశోధన సమావేశాలకు పేపర్లు పంపే గడువులప్పుడు ప్రొఫెసర్లు ఫోన్ చేస్తారు, ఈ ఒక్కసారికి అని. చేత్తో ప్రయారిటీ పెంచడం మొదలుపెడితే మీ విధానం అంతటితో సరి. దానికి బదులు గడువు క్యూఓఎస్ ఒకటి తెరవండి. ప్రయారిటీ ఎక్కువ, కాని వాడకం రెట్టింపుగా లెక్కలోకి వస్తుంది. కావలసినవారు తమ రేపటి వాటాను తామే ఖర్చు పెట్టుకుంటారు, మీరు ఎవరికీ ఉపకారం చేసినట్టు కాదు, అపకారం చేసినట్టూ కాదు. బృందాల వాటా శాతాలు మాత్రం మీరు నిర్ణయించకండి. ప్రొఫెసర్లు కూర్చుని రాసి సంతకాలు పెట్టిన కాగితం మీ దగ్గర ఉండాలి.

అమలు చేసే క్రమం ముఖ్యం. మొదటి నెల సమయ పరిమితులు, ఫెయిర్‌షేర్ మాత్రమే పెట్టండి. సమయం రాయని జాబును సమర్పించేటప్పుడే "సమయం రాయండి" అన్న సందేశంతో తిప్పిపంపే, లూవా భాషలో రాసిన చిన్న స్క్రిప్టును స్లర్మ్‌కు తగిలించవచ్చు. గంట డిఫాల్టు కంటే ఇదే మర్యాద. రెండో నెల కోర్-నిమిషాల హద్దు, మెమరీ బిల్లింగ్. హద్దు అంకెను ఊహించి పెట్టకండి. గత మూడు నెలల రికార్డు తీసి, ఏ బృందం ఏ క్షణంలో ఎంత పట్టుకుని ఉందో చూసి, తొంభై శాతం సమయంలో ఎవరికీ తగలని చోట పెట్టండి. ఖాళీ కోర్ల క్యూఓఎస్‌ను ఆఖరున తెరవండి, అది కూడా చెక్‌పాయింట్ ఉదాహరణ స్క్రిప్టులు నాలుగైదు రాసి అందరికీ అందుబాటులో పెట్టాకే.